పొయ్యిలో పెట్టదగిన కట్టె

వంటగ్యాసు పల్లెపల్లెకును చేరిన ఈ దినములలో కట్టెలను గూర్చి ప్రసంగమేల యని శ్రోతలలో కొందరు తలపవచ్చును. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును, 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ఆరంభించిన పిదప సిలిండరు ఎరుగని గ్రామము అరుదన్న మాట నిజమే. కాని సిలిండరు ఇంటిలోనికి వచ్చినంత మాత్రమున పెరటిలోని పొయ్యి ఆరిపోలేదు. స్నానమునకు నీళ్ళు కాచుటకు, పశువులకు ఉలవలు ఉడికించుటకు, పెండ్లిండ్లలో గాడిపొయ్యిపై అన్నము వార్చుటకు నేటికిని కట్టెయే ఆధారము. గ్యాసు ధర పెరిగిననాడు వంటయు మరల కట్టెల మీదికే పోవుచున్నది.

ఇందు మేము గమనించిన విషయ మొకటి కలదు. వంటపొయ్యిలో ఏ కట్టె పెట్టవలెనో మన గృహిణులకు ఎవరును నేర్పనక్కరలేదు. నీళ్ళపొయ్యి విషయమున మాత్రము ఆ వివేకము సడలిపోవుచున్నది. విరిగిన కుర్చీకాలు, రంగు పెచ్చులూడిన పాత తలుపు, ప్లైవుడ్డు ముక్క, సామాను వచ్చిన పెట్టెచెక్క, అన్నియు అందులోనికే పోవును. నీళ్ళు కాగుటకు ఏ మంటయైన నేమి యని మన ఆలోచన. ఆ పొగను పీల్చువారమును మనమే, ఆ బూడిదతో గిన్నెలు తోముకొనువారమును మనమే.

ముందుగా పొగ యనగా నేమో కొంచెము తెలిసికొందము. కట్టె నేరుగా మండదు. వేడి తగిలినప్పుడు దాని బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా వాయువులుగా మారి వెలికి వచ్చును. మనకు కనబడు మంట ఆ వాయువులు మండుటయే. మిగిలిన బొగ్గు నిప్పుగా కణకణలాడుచు నెమ్మదిగా కాలును. వాయువులు పూర్తిగా మండవలెనన్న తగినంత వేడియు, తగినంత గాలియు ఉండవలెను. ఈ రెంటిలో ఏది కొరవడినను, మండక మిగిలినది పొగయై పైకి లేచును. కనుక పొగ యనగా కాలని కట్టెయే. డబ్బు పెట్టి కొనిన వంటచెరకులో కొంత భాగము చూరు గుండ వెళ్ళిపోవుచున్నదన్నమాట. అది వెళ్ళుచు వెళ్ళుచు కంటికి కనబడని సన్నని రేణువులను, బొగ్గుపులుసుకంటె ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడును, బెంజీను మొదలగు విషపదార్థములను మన ఊపిరితిత్తులకు అందించి పోవును. గాలి ఆడని వంటింటిలో ఈ సన్నని రేణువులు ఉండదగిన పరిమాణమునకు నూరురెట్ల వరకును ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇండ్లలోని ఇట్టి పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచములో 32 లక్షలమంది మరణించిరని ఆ సంస్థయే అంచనా వేసినది. చంటిబిడ్డల న్యుమోనియా, పెద్దల ఉబ్బసము వంటి దీర్ఘకాలపు శ్వాసవ్యాధులు, ఆడువారి కంటి శుక్లములు దీనితో ముడిపడినవే.

అందుచేత సంపూర్ణముగా నిరపాయమైన కట్టె యనునది లేదు. కొంత మేలైనది, కొంత కీడైనది, ఎన్నటికిని ముట్టరానిది అని మూడు తరగతులు మాత్రము కలవు. ఏ జాతి కట్టె యని అడుగుటకు ముందు, అది ఎండినదా పచ్చిదా యని అడుగవలెను. మా అభిప్రాయమున ఈ ప్రశ్నకే మొదటి పీట.

అప్పుడే నరికిన చెట్టులో బరువున సగము వరకును నీరే యుండవచ్చును. బాగుగ ఎండిన కట్టెలో నూటికి పదునైదు ఇరువది వంతులకు మించదు. నీరు బొత్తిగా లేని కట్టె కిలో ఒకటింటికి ఇంచుమించు 4,500 కిలో కేలరీల వేడి నిచ్చును. కిలో నీటిని ఆవిరి చేయుటకు 600 కిలో కేలరీలు పట్టును. ఇక కిలో పచ్చికట్టె తీసికొనుడు. అందు అరకిలో మాత్రమే కట్టె. అది ఇచ్చు వేడి 2,250. తక్కిన అరకిలో నీటిని ఆవిరి చేయుటకు 300 పోవును. నష్టము నూటికి పదమూడు వంతులే కదా, ఇంతటికి ఇంత హెచ్చరిక యేల యని అనిపించును. ఈ లెక్కలో కనబడని నష్టమే అసలు నష్టము. ఆ నీరు పోవుచుండగా మంట చల్లబడును, చల్లబడిన మంటలో వాయువులు మండవు, మండనివి పొగయగును. ఊదుగొట్టము పట్టి కండ్లనీళ్ళు కార్చుకొనుచు ఇల్లాలు పొయ్యిలోనికి ఊదునది ఈ లోటును పూడ్చుటకే.

అడితిలో కట్టెలు తూకమునకు అమ్ముదురు గనుక ఇది ఆరోగ్యపు మాటయే గాక డబ్బు మాటయు అగును. సగము నీరున్న పచ్చికట్టె నూరు కిలోలు కొనినవారు దానిని ఎండబెట్టిన పిదప మరల తూచినచో 62 కిలోలకు కొంచెము పైగా మాత్రమే తూగును. ముప్పది యేడు కిలోల నీటికి కట్టె ధర చెల్లించినట్లు. వానాకాలమున తడిసిన కట్టెకును ఇదే గతి. అయితే పైతడి వేరు, లోతడి వేరు. ఒకసారి ఎండిన కట్టె వానకు తడిసినచో రెండుమూడు ఎండలకు మరల కుదుటబడును. పచ్చికట్టెకు నెలలు పట్టును.

ఎండినదో లేదో కనిపెట్టుటకు యంత్రము లక్కరలేదు. రెండు పేళ్ళను ఒకదానితో నొకటి కొట్టి చూడుడు. ఎండినవి ఖంగుమనును, పచ్చివి దబ్బుమనును. ఎండిన కట్టె కొసయందు నడుమనుండి అంచులకు నెఱ్ఱెలు విచ్చియుండును, బెరడు వ్రేలితో లాగిన ఊడివచ్చును. పొయ్యిలో పెట్టిన పిమ్మట రెండవ కొసనుండి నురుగు వచ్చుచు చుయ్యిమని శబ్దము చేయుచున్నచో ఆ కట్టెను వెనుకకు తీసి మరికొన్నాళ్ళు ఆగవలెను. ఇంకను నిక్కముగా తెలియగోరువారు ఒక పేడుకు గుర్తుపెట్టి వారమునకొకసారి తూచుచుండవచ్చును. రెండు వారములు వరుసగా బరువు తగ్గనిచో అది ఎండినట్లే. మొద్దు మొద్దుగా ఉంచినచో బెరడు నీటిని పోనీయదు. చేతిమణికట్టు లావున చీల్చి, నేలకు తగులకుండ రెండు దుంగలపై గాలియాడునట్లు పేర్చి, పైన మాత్రము కప్పు వేయవలెను. ప్రక్కలు కూడ గోనెలతో మూసివేయుదురు కొందరు. అప్పుడు చెమ్మ లోపలనే నిలిచి బూజు పట్టును. మాఘ ఫాల్గుణములలో చీల్చి పేర్చిన కట్టె మన ఎండలకు తొలకరి నాటికి సిద్ధమగును. ఆ పేర్పులలో తేళ్ళు చేరుననునది పల్లెవారికి వేరుగ చెప్పనేల.

ఇక జాతులు. మన కోస్తాలో సరుగుడును మించిన వంటచెరకు లేదని పెద్దలందురు. ఆ మాటలో అతిశయోక్తి లేదు. చేవగలిగి, నిటారుగ చీలి, కొద్ది పచ్చిగానున్నను మండు గుణము దీనికి కలదు. పంతొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రాష్ట్రపు తీరమున ఈ తోటలను విరివిగా పెంచినది రైలు ఇంజన్లకు వంటచెరకు కొరకే. నల్లతుమ్మ కూడ ఇంతటిదే. నిప్పు చాలసేపు నిలుచును, బొగ్గు గట్టిగ వచ్చును. రాయలసీమలోను, తెలంగాణమునందును బీడులన్నింటిని ఆక్రమించిన సర్కారుతుమ్మను రైతులు తిట్టనిరోజు లేదు. అయినను పేదయింటి పొయ్యికి అది చేసిన మేలు తక్కువది గాదు. 1877లో జమైకానుండి తెప్పించిన విత్తనములను కడపజిల్లా కమలాపురమున నాటిన నాటినుండి అది మన నేలలో వ్యాపించినది. దాని కట్టె నెమ్మదిగా, సమముగా కాలును, వేడియు అధికము. ముల్లు మాత్రము జాగ్రత్త. చింతమొద్దు చీల్చుట కష్టము గాని నిప్పు నిలుపుటలో గొప్పది. సుబాబులు, జామాయిలు తోటల కొమ్మలు కూడ ఎండబెట్టినచో పనికివచ్చును. జామాయిలు నూనెగల కట్టె గనుక చిటపటలాడి నిప్పురవ్వలు చిమ్మును, పూరిపాకలో దానిని వాడరాదు.

బూరుగు, మునగ, అవిసె వంటి తేలిక కట్టెలు విషము గావు గాని, భగ్గున మండి బుగ్గియగును. తాటిమట్టలు, కొబ్బరిమట్టలు అంటించుటకు మంచివి, అన్నముడుకుటకు చాలవు. వేప సంగతి వేరు. వేపపొగకు దోమలు పోవునని సంతోషించువారు గలరు. దోమను పారదోలు పొగయే మన కండ్లను మండించు పొగయు అని వారు మరువరాదు. కందికట్టె మంచిదే, పత్తికట్టె, మిరపకట్టె మాత్రము పురుగుమందులు పలుమారులు తాగిన మొక్కలు. మిరపకట్టెకు ఎండుకాయ యొకటి అంటుకొనియున్నను ఇంటిల్లిపాదియు దగ్గవలసినదే. వీలున్నంతవరకు వాటిని వంటింటి బయటనే ఉంచుట క్షేమము.

ముట్టరాని చెట్లు కొన్ని కలవు. కోరంగి మడ అడవులలోను, కృష్ణ ముఖద్వారమునందును పెరుగు తిల్లచెట్టు పాలు కంటబడిన చూపు పోవునంత ప్రమాదము. దాని కట్టె కాల్చిన పొగయు కండ్లకు హానికరమే. మడ అడవిని నరుకుట చట్టవిరుద్ధమన్నది అటుంచి, కొట్టుకువచ్చిన కొమ్మలను ఏరి తెచ్చుకొనువారు దీనిని గుర్తెరుగవలెను. కాడజెముడు వంటి పాలజెముళ్ళు ఎండినను పొయ్యికి పనికిరావు. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టు నల్లజీడి రసము చర్మమును బొబ్బలెక్కించును. ఆ కట్టెను, ఆ పిక్కలను కాల్చరాదు. జీడిమామిడి కట్టె కొంత మేలు గాని, జీడిపిక్కల పెంకు అట్లుగాదు. పలాస ప్రాంతమున పెంకు చౌకగా దొరకును, నూనె ఉండుటచేత జోరుగా మండును. ఆ నూనెయే పిక్కలు ఒలుచు కూలీల వ్రేళ్ళను తినివేయునది. పొగగొట్టములు గల కార్ఖానాలలో దానిని కాల్చుట ఒక మాట, పసిబిడ్డ ఆడుకొను పెరటిలో కాల్చుట వేరొక మాట.

గన్నేరును గూర్చి ఒక కథ కలదు. దాని పుల్లలకు మాంసము గ్రుచ్చి కాల్చుకొని తినిన సైనికులు మరణించిరని పలుదేశములలో చెప్పుకొందురు. కథ నిజమగునో కాదో గాని, చెట్టు విషము మాత్రము నిజము. ఆకు, పువ్వు, బెరడు, కట్టె అన్నింటిలోను గుండెను ఆపగల పదార్థము కలదు. పచ్చగన్నేరును అట్టిదే. కంచె కత్తిరించినప్పుడు వచ్చిన కొమ్మలను పొయ్యివైపునకు రానీయక గుంటలో పూడ్చిపెట్టుట మంచిది.

ఈ చెట్లను మన పూర్వులును ఎరుగుదురు. వారెరుగని అపాయము మరియొకటి మన కాలమున వచ్చినది. అది మనుష్యుడు మందు పట్టించిన చెక్క.

చెదలు తినకుండ, కుళ్ళకుండ చెక్కకు మందు పట్టించు పద్ధతులలో ప్రపంచప్రసిద్ధి పొందినది రాగి, క్రోమియము, ఆర్సెనిక్ కలిపిన ద్రావణము. దీనిని డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో 1933లో కనుగొన్నవారు సొంటి కామేశముగారు. పేరు వినగానే తెలుగువారని తెలియుచున్నది గదా. ఆయన కనుగొన్నది సామాన్యమైన విషయము గాదు. విద్యుత్ స్తంభములు, వంతెనల చెక్కలు, గనులలోని దన్నులు దీనివలన దశాబ్దములు నిలిచినవి. లెక్కలేనన్ని చెట్లు నరుకుడుపడక బ్రతికినవి. నిలిచియున్నంతకాలము ఆ చెక్క మేలే చేయును. చిక్కు దానిని కాల్చినప్పుడు వచ్చును. ఆర్సెనిక్ అనగా మన పాషాణమే. మంటలో అది నశింపదు. కొంత పొగతో లేచును, మిగిలినది బూడిదలో నిలుచును. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు గ్రామసీమలో ఎనమండుగురు గల ఒక కుటుంబము శీతకాలము వచ్చినదన్న జబ్బుపడుచుండెడిది. దద్దుర్లు, కండ్లమంట, కండరముల నొప్పులు, పిల్లలకు మూర్ఛలు, చివరకు జుట్టు రాలిపోవుట. మూడేండ్లు ఇట్లు గడచిన పిమ్మట, చలికి ఇంటిలో వారు కాల్చుకొనుచున్నది ఈ మందుచెక్క యని వైద్యులు కనిపెట్టిరి. పొయ్యి బూడిదలోను, వారి వెండ్రుకలలోను, గోళ్ళలోను ఆర్సెనిక్ దొరకినది. 1984లో ఆ దేశపు వైద్యసంఘ పత్రికలో ఈ వృత్తాంతము ప్రకటింపబడినది. ఇండ్ల వాడకమునకు ఇట్టి చెక్క తయారుచేయుట అమెరికాలో 2003 చివర ఆగిపోయినది గాని, వెనుకటి చెక్క ఇంకను లోకమంతట మిగిలియున్నది.

ఆ కుటుంబము పొగవలన బాధపడినది. మన యిండ్లలో బూడిద కూడ బయట పారవేయుట లేదు. దానితో అంట్లు తోముదుము, కూరపాదులకు చల్లుదుము, విత్తనపు గింజలకు పట్టింతుము, కొందరు పండ్లును తోముకొందురు. కాబట్టి మందుచెక్క కాల్చుటలోని ప్రమాదము మనకు రెండింతలు. ఆకుపచ్చ ఛాయ తేలిన పాత స్తంభపు ముక్కను, కోతమిల్లు దగ్గర చౌకగా వచ్చిన ఊరుపేరులేని తుంపులను పొయ్యికి తేకుండుటయే మార్గము. ఏండ్లు గడచినకొలది ఆ ఆకుపచ్చ వెలిసిపోవును గనుక రంగు లేదని ధైర్యపడరాదు. ఆ చెక్క ఎక్కడ ఏ పనికి వాడబడినదో అడిగి తెలిసికొనుటయే నమ్మదగిన పరీక్ష.

రైలుపట్టాల క్రింద వెనుకటి కొయ్య స్లీపర్లు నల్లగా, జిడ్డుగా ఉండి తారువాసన వేయును. వాటికి పట్టించినది బొగ్గుతారునుండి తీసిన క్రియోసోటు. అందు పుట్టకురుపు కలిగించు పదార్థములు గలవు. జోరుగా మండునని గాడిపొయ్యికి తెచ్చువారు లేకపోలేదు. విస్తరిలో అన్నముతోపాటు ఆ మసిని కూడ వడ్డించుటయే యగును. పాత తలుపులు, కిటికీలపై వేసిన రంగులలో సీసము ఉండుట సామాన్యము. సీసపు పొగ పిల్లల మెదడును మందగింపజేయును. ప్లైవుడ్డు, రంపపుపొట్టు నొక్కి చేసిన బల్లలు జిగురుతో అతికినవి. ఆ జిగురు కాలినప్పుడు వచ్చు ఫార్మాల్డిహైడు ముక్కును, గొంతును కోయును. పైన ప్లాస్టిక్ పొర అతికియున్నచో చెప్పవలసినదే లేదు. ఉప్పునీటిలో నానిన పడవచెక్క కూడ మంచిది గాదు. ఉప్పులోని క్లోరిను మంటలో చేరి కొత్త విషములను పుట్టించును, ఇనుపపొయ్యిని తినివేయును.

విశాఖపట్టణము, కాకినాడ రేవుల చుట్టుపట్ల విదేశములనుండి సరకు వచ్చిన చెక్కపీటలు విరివిగా అమ్ముడగును. వాటిపై ఇనుపముద్రతో కాల్చిన గుర్తు ఉండును. అందు హెచ్.టి. యను అక్షరములున్నచో పురుగు చచ్చుటకు వేడి మాత్రమే చూపిరని అర్థము. ఎం.బి. అని యున్నచో మిథైల్ బ్రోమైడను విషవాయువు పట్టించిరని అర్థము; దానిని వదలివేయవలెను. హెచ్.టి. గుర్తు గలదానిపైనను సరకు కారిన మరకలున్నచో వదలుటయే మంచిది.

పొయ్యి అంటించుటకు పాలసంచిని, పాత చెప్పును వాడుట మానవలెనని వేరుగ చెప్పుచున్నాము. కొబ్బరిపీచు, ఎండుతాటాకు, సన్నని చితుకులు ఉండగా ప్లాస్టిక్‌తో పనియేమి?

మంచికట్టెకు మంచిపొయ్యియు తోడు కావలెను. ఇందు హైదరాబాదునకు ఒక ప్రత్యేకత గలదు. అచ్చటి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్.పి. రాజుగారు పొగగొట్టముతో గూడిన మట్టిపొయ్యిని రూపొందించి, లక్షలాది జనులకు పొగలేని వంటిండ్లు అను అర్థమిచ్చు పేరుతో 1953లో ఆంగ్లమున ఒక చిన్నపుస్తకము ప్రకటించిరి. దేశములో మెరుగుపరచిన పొయ్యిల ఉద్యమమునకు ముందునడచిన కృషిలో అది యొకటి. పొగగొట్టపు పొయ్యి పెట్టించుకొనినవారు పచ్చికట్టె వాడినచో దాని మసి జిగటగా గొట్టము లోపల పేరుకొనును. కొన్నాళ్ళకు గొట్టము మూసికొనును, లేదా ఆ మసియే అంటుకొని కప్పునకు నిప్పు పెట్టును. నెలకొకసారి గొట్టమును దులుపుట తప్పనిసరి.

ఇంత చెప్పిన పిదపను ఎంత మంచి కట్టెయైనను ప్రాణము తీయు సందర్భమొకటి మిగిలినది. అరకులోయలోను, ఆదిలాబాదు ప్రాంతమునను పుష్యమాసపు చలికి కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు బిగించి పరుండుట కలదు. పొగ లేదుగదా, నిప్పులే గదా యని నమ్మకము. బొగ్గునిప్పునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తమును పట్టుకొనుటలో దాని బలము ప్రాణవాయువు బలమునకు రెండువందల రెట్లకు మించినది. ముందు తలనొప్పి, తరువాత వాంతి, ఆపై నిద్ర. ఆ నిద్రనుండి లేవరు. నిద్రకు ముందు కుంపటిని వాకిటిలోనికి తీసివేయవలెను. గదిలో ఎవరైనను మగతగా పడియున్నట్లు కనబడినచో, లోపలికి పోవువారు తలుపులు కిటికీలు బార్లా తెరచి, వారిని వెంటనే ఆరుబయటికి మోసికొనిపోయి, ఊపిరి సరిగా ఆడుచున్నదో లేదో చూచి, తెలివివచ్చినను ఆలస్యము చేయక ప్రాణవాయువు ఇవ్వగల ఆసుపత్రికి చేర్చవలెను.